గ్లాసు అంచు

ఫ్రీమాంట్‌లో ఉద్యోగంలో చేరిన వారంలోనే మా మేనేజర్ టీమ్‌నంతా చైనీస్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లారు. ఆయన చైనా నుంచి వచ్చిన పెద్దాయన. జొన్నలతో చేసే తమ ఊరి సారాని చిట్టి గ్లాసుల్లో అందరికీ తనే పోశారు. నా గ్లాసు ఆయన గ్లాసుకి తాకించబోతుంటే, పక్కనున్న తెలుగు కొలీగ్ నా మోచెయ్యి కిందికి లాగాడు.

"కిందికి పట్టు గురూ. నీ గ్లాసు అంచు ఆయన అంచుకన్నా కిందుండాలి. పెద్దవాళ్లకి వీళ్లిచ్చే రెస్పెక్ట్ అది."

ఒక్క గుక్కలో తాగేశాను. గొంతు మండి నేను దగ్గుతుంటే పెద్దాయన పడీపడీ నవ్వారు.

కొన్నేళ్లకి మా డిన్నర్లలో సారా పోయి రెడ్ వైన్ వచ్చింది. కొత్తగా చేరిన చైనా కుర్రాళ్లు పొడుగు కాడల గ్లాసులు తిప్పుతూ, వాసన చూస్తూ, కొంచెం కొంచెం చప్పరించేవాళ్లు. ఎవరి అంచు ఎక్కడుందో ఎవడికీ పట్టేది కాదు. వాళ్ల మర్యాద నాకు తెలిసినంత కూడా వాళ్లకి తెలియదా అని ఒళ్లు మండేది.

తర్వాత కంపెనీ మా పెద్దాయన్ని మేనేజర్ పోస్టు నుంచి మామూలు ఇంజినీర్‌గా దించేసి, ఆ సీటు నాకిచ్చింది. ఆ వారం డిన్నర్‌లో ఆయన వైన్ గ్లాసుతో లేచి నా దగ్గరికొచ్చారు. "కంగ్రాట్స్" అంటూ తన గ్లాసు నా గ్లాసుకన్నా కిందికి దించారు. గబుక్కున నాది ఇంకా దించాను. ఆయన ఇంకా దించారు.

"సర్, ప్లీజ్, వద్దు" అన్నాను.

చివరికి నా గ్లాసు టేబుల్‌కి ఆనింది. ఇక దిగడానికి చోటు లేదు. అప్పుడాయన తన గ్లాసుని పక్కకి వంచి, అంచుని నా గ్లాసు కాడకి తాకించారు. వైన్ తెల్లటి గుడ్డ మీద ఒలికింది.

చెయ్యి జారిందనుకుని కుర్రాళ్లు టిష్యూలు అందించారు.