చర్చి మెట్ల పక్కన బొడ్రాయి

మా చిన్నప్పుడు అమెరికాలో, అరోరా ఊళ్లో ఆదివారం ప్రార్థన అంటే మధ్యాహ్నం పూటే... పొద్దున్నే తెల్లవాళ్ల ఆరాధన అయిపోయాక ఆ చర్చిని మా ఐదారు తెలుగు కుటుంబాలకు ఇచ్చేవారు. నేను కారు వెనక సీట్లో పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ ఒలుకుతుందోనని బిక్కుబిక్కుమంటూ వెళ్లేదాన్ని.

ఊరి చివర మొక్కజొన్న చేల పక్కన తెల్లటి చెక్క చర్చి. దాని మెట్ల పక్కనే మనిషెత్తు రాయి ఒకటి నిలబెట్టి ఉండేది. తెల్లవాళ్లు రాకముందు ఆ నేల మీద బతికినవాళ్లు పాతి, మొక్కిన రాయట అది. చర్చి కట్టినవాళ్లు దాన్ని పెకలించకుండా, దాని మీదే ఓ శిలువ చెక్కి ఊరుకున్నారట. పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. పిల్లలం మాకైతే అది దాగుడుమూతలకు పనికొచ్చే రాయి, అంతే...

ఎనభైల మొదట్లో మా నాయనమ్మ మరియమ్మ గుంటూరు వైపు నుంచి మా దగ్గరికి వచ్చింది. మొదటి ఆదివారం కారు దిగి, ఆ రాయిని చూసి ఆగిపోయింది.

"ఓరి నాయనో... ఈళ్లకీ బొడ్రాయి ఉందిరా అబ్బాయ్!" అంది నాన్నతో.

బొడ్రాయంటే ఊరు కట్టేటప్పుడు నడిబొడ్డున పాతే రాయి. పండగనాడు ఊరి ఆడవాళ్లంతా బిందెలతో నీళ్లు తెచ్చి దాని మీద పోస్తారు. ఊరంతా అంటే, మా వాళ్లు తప్ప ఊరంతా... మాది ఊరికి ఎడంగా ఉండే పేట. నాయనమ్మ చిన్నప్పుడు తనూ ఓ చెంబుతో నీళ్లు పట్టుకెళ్తే, దగ్గరికి చేరకముందే తరిమేశారట. తర్వాత పేట పేటంతా ప్రభువును నమ్ముకుంది. కానీ ఆ రాయి మాత్రం ఆవిడ మనసులోంచి పోలేదు.

ఇక వారం వారం అదే తంతు. ఇండియా నుంచి తెచ్చుకున్న మరచెంబు మూత తిప్పి, రాయి మీద నీళ్లు పోసేది. అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. అబ్బ, ఆ చలిలో! నీళ్లు అక్కడే గడ్డకట్టేవి. ఆంటీలు "విగ్రహారాధన కాదూ ఇది?" అని గుసగుసలాడేవాళ్లు. నాన్నకు తల కొట్టేసినట్టుండేది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆపవే. వీళ్లు చర్చి ఇవ్వడం మానేస్తే మనం ఎక్కడికి పోతాం?"

"నేను మొక్కట్లేదురా. మొక్కేది ప్రభువుకే. ఇది ముట్టుకోడానికి..."

ఓ రోజు ఆ చర్చి తెల్ల పాస్టరు చూడనే చూశాడు. నవ్వుతూ వచ్చి, ఆవిడ దీన్ని ఏమంటోందని అడిగాడు. నాన్న తడబడి "బెల్లీ బటన్ స్టోన్" అన్నాడు. బొడ్డు, రాయి... మాటకు మాట పెడితే సరిగ్గా అదే మరి! పాస్టరు పగలబడి నవ్వాడు. ఆయన వెంట ఉన్నవాళ్లూ నవ్వారు. తల్లిని చూసి నవ్వుతున్నారని నాన్నకు రోషమొచ్చింది. కాస్త మర్యాదగా ఉండే మాట కోసం వెతికాడు.

"మా ఊళ్లో ఇది విలేజ్ గాడ్" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. పాస్టరు తడిసిన శిలువను ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం మేం వెళ్లేసరికి రాయి లేదు. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగేశారట. ఎక్కడ పడేశారో ఎవరూ చెప్పలేదు. మెట్ల పక్కన గుంత మిగిలింది... నాయనమ్మ మరచెంబు పట్టుకుని దాని ముందు నిలబడిపోయింది. నాన్న "ఇలా చేస్తారనుకోలేదే అమ్మా" అంటూ అందరి ముందూ ఏడ్చేశాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు.

"పోనీలేరా, నువ్వేం చేస్తావు" అంది నాయనమ్మ. "అక్కడ ముట్టుకోనివ్వలేదు... ఇక్కడ ముట్టుకున్నానని ఉంచలేదు."

ఆ వేళ పాటల్లో ఆవిడ గొంతు కలవలేదు. ఎండాకాలం రాగానే ఇండియా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మరచెంబు మాత్రం మా ఇంట్లోనే వదిలేసింది.

ఇప్పుడక్కడ చర్చీ లేదు, మొక్కజొన్న చేలూ లేవు. అన్నీ ఇళ్లే, అందులో సగం మనవాళ్లవే... మొన్న అక్కడో గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. నాది గుంటూరు వైపని తెలిసి, భోజనాల దగ్గర ఓ పెద్దాయన ఎంతో ఆప్యాయంగా మా ఊరి పేరు అడిగాడు. చెప్పాను. తెలిసిన ఊరేనట.

"అలాగా! బొడ్రాయికి ఏ పక్కమ్మా మీ ఇల్లు?" అన్నాడు.

ఊళ్లోనా, పేటలోనా అని ఆరా అది... మీరైతే ఏమని చెప్పేవారు?