నిలబడొద్దన్న చౌరస్తా

మధ్యాహ్నం రెండింటికి ఆ దేశపు రాజధానిల దిగిన. ఎండ మా ఊరి దిక్కు ఎల్లారెడ్డి ఎండనే. గాలిల ఉప్పు ఎక్కువ. నీలం హెల్మెట్, బులెట్ ప్రూఫ్ జాకెట్, దుర్బీన్. ఐక్యరాజ్యసమితి శాంతిసేనల పది నెలల డ్యూటీ. అక్కడి ఫౌజు సర్కారును గుంజుకొని అప్పటికి నెల. మా పోస్టు ఒక మూడంతస్తుల మిద్దె మీద. ఇసుక బస్తాల సందుల నుంచి చూస్తే కింద పెద్ద చౌరస్తా.

ఆర్డర్ ఒక్కటే: చూడాలె, రాయాలె, దిగొద్దు.

మొదట్ల చౌరస్తా నిండా జనమే. చెట్ల కింద బెంచీలు, పల్లీలమ్మేటోళ్లు, చదరంగం ఆడే ముసలోళ్లు. ప్రతి గురువారం పది గంటలకు ఇరవై మంది దాక ఆడోళ్లు వచ్చి నిలబడేటోళ్లు. చేతుల్ల ఫౌజు పట్టుకపోయిన కొడుకుల ఫోటోలు. నోట మాట లేదు.

తుపాకి పేలలేదు. ఒక పొద్దు ఫౌజు లారీ వచ్చి బెంచీలు ఎత్తుకపోయింది. వారానికి చెట్లు కొట్టిండ్రు. నీడ పోయింది, ముసలోళ్లు రావుడు బందయింది. తర్వాత చుట్టూ ఇనుప కంచె. ఆఖరికి మైకుల చెప్పిండ్రు: ఇక్కడ ఎవరూ నిలబడొద్దు.

ఆ గురువారం ఆడోళ్లు నిలబడలే. ఒకరి వెనుక ఒకరు కంచె చుట్టూ నడిచిండ్రు.

"నడవొద్దని చెప్పలేదు గద," అన్నడు మా రేడియో ఆపరేటర్.

నడుసుడు మొదలైన మూడో గురువారం వాళ్లల్ల ఒక అవ్వ నడువలేక కింద కూసుంది. ఇద్దరు సిపాయిలు ఉరికొచ్చిండ్రు. రేడియో సెట్టు అందుకొని క్యాంపుల ఉన్న మా సుబేదారును పిలిచిన.

"సుబేదార్ సాబ్, అవ్వను గుంజుకపోతున్నరు. వంద గజాలు గూడ లేదు. దిగాల్నా?"



"వద్దు. టైం రాసుకో."

"సాబ్..."

"ఆర్డర్ నాది కాదు బేటా. రాసుకో."

పదకొండు ఇరవై రెండు అని రాసిన. జీపు పోయింది. ఆపరేటర్ మొఖం తిప్పుకున్నడు.

డ్యూటీ అయినంక మన దేశానికొచ్చి కామారెడ్డిల బస్సెక్కిన. బీడీలు చేసే ఆడోళ్లు కూలి పెంచాలని రోడ్డు మీద కూసున్నరు. బస్సు అరగంట ఆగింది.

"రోడ్డు వీళ్లదేనా ఏంది?" అన్నడు పక్క సీటాయన.

"కూసోనియ్యి అన్నా," అన్న.

లింగంపేటల ఇంటికి పోయినంక నా భార్య అడిగింది: "యుద్ధం చూసినవా?"

లేదన్న. చూసింది మాత్రం ఇప్పటికీ కండ్లల్లనే ఉన్నది. అవ్వను పట్టుకపోయిన మరుసటి గురువారం ఆ ఆడోళ్లు మళ్లొచ్చిండ్రు. వరుస నడుమ ఒక మనిషి పట్టేంత జాగ వదిలి నడిచిండ్రు. మూల మలుపుల గూడ ఆ జాగ తగ్గనియ్యలే.