జర్మనీ మేడమ్ కడుపునొప్పి, దుబాసీగా నేను

ఆ రోజుల్లో నేను లేకపోతే ఏ పనీ జరగదని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఇరవై నాలుగేళ్ల వయసు, మెడలో కంపెనీ కార్డు, రెండు జేబుల్లో రెండు ఫోన్లు. సౌదీ అంటే ఇసుకా ఎండా తప్ప ఇంకేమీ ఉండదని మా అమ్మ పెట్టె నిండా పల్చటి చొక్కాలు సర్ది పంపితే, ఉద్యోగం వచ్చి అభాలో పడింది. కొండమీద ఊరు. మధ్యాహ్నం మూడింటికే మబ్బు కిందికి దిగొచ్చి కిటికీ అవతల నిలబడేది. దిగిన వారానికే స్వెట్టరు కొన్నాను. ఫోనులో "ఇక్కడ చలిగా ఉందమ్మా" అంటే, అమ్మ నాకు జ్వరమొచ్చిందని తేల్చేసి, వెంటనే వచ్చేయమని ఒకటే గొడవ. (వచ్చేయాలంటే కఫీల్ సంతకం కావాలని, కఫీల్ అంటే నన్ను పిలిపించుకున్న యజమాని అని చెప్పబోతే, "సంతకం పెట్టకపోతే ఆయనకివ్వు ఫోను" అంది.)

మా కఫీల్‌కి ఆ ఊళ్లో మూడు గెస్ట్‌హౌసులుండేవి. వాటిలో కంప్యూటర్లు, వైఫై, తలుపుల కార్డులు నా బాధ్యత. అలా ఒకరోజు పై గెస్ట్‌హౌసులో వైఫై రావడం లేదంటే వెళ్లాను. గదిలో పొడుగ్గా, ఎముకల గూడులా ఉన్న ఒక పెద్దావిడ, రెండు కళ్లజోళ్లు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని కూర్చునుంది. ఆవిడే జర్మనీ మేడమ్. అరబ్బీ పుస్తకాలను జర్మన్‌లోకి అనువదించడం ఆవిడ జీవితకాలపు పని. చిన్నప్పుడు వాళ్లమ్మ మేడమీద గది ఒక సిరియా విద్యార్థికి అద్దెకిచ్చిందట. అతను అంట్లు తోముకుంటూ ఏదో గొణుక్కునేవాడట. అదేమిటో తెలుసుకోవాలని ఈవిడ అరబ్బీ మొదలుపెట్టింది. అది వాళ్లమ్మ మీద ఫిర్యాదు అని అర్థమయ్యే నాటికి విశ్వవిద్యాలయంలో పట్టా వచ్చేసింది. ఆ తర్వాత లావుపాటి నవలలు ఎన్నో అనువదించి, వయసు మీదపడ్డాక సొంతంగా వ్యాసాలు రాయడం మొదలుపెట్టింది. గుండీల మీద ఒక వ్యాసం, తలుపు గడియల మీద ఒకటి, బస్సు కోసం ఎదురుచూడటం మీద ఒక పుస్తకమే. ఇప్పుడు రాస్తున్నది, ఏ భాషవాళ్లు ఎలా సణుగుతారు అన్నదాని మీద. ఇదంతా ఆవిడ నాకు చక్కటి ఇంగ్లీషులో చెప్పింది. నేనూ ఇంగ్లీషులోనే "వెరీ నైస్ మేడమ్" అని రౌటరు తీసి మళ్లీ పెట్టాను.

సణుగుడు మీద పుస్తకం రాసేవాళ్లకి మా కడప పిన్ని దొరకడమంటే మామూలు అదృష్టం కాదు. పిన్ని కఫీల్ ఇంట్లో పని చేసేది, రాయచోటి దగ్గర మనిషి. గెస్ట్‌హౌసుకి భోజనం తెచ్చేదీ ఆవిడే. నాకు ఏ చుట్టమూ కాదు, కానీ మొదటిరోజే "ఏం నాయనా, అన్నం తిన్యావా?" అంది కాబట్టి పిన్ని అయిపోయింది. పిన్నికి మోకాలు సలిపేది, నడుము పీకేది, తల దిమ్మెక్కేది, అరికాళ్లు మంటలెత్తేవి. వీటిలో ఏదీ ఇంకోదానితో కలవదు. మేడమ్ గిన్నె మూత తీయడం కూడా మరిచి వినేది. "ఈమె ఏమంటోంది?" అని నన్నడిగేది. నేను ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి. నొప్పికి ఇంగ్లీషులో నాకు 'పెయిన్' అన్న ఒక్క మాటే వచ్చు కాబట్టి, పిన్ని అయిదు నిమిషాల ప్రసంగాన్ని నేను "లెగ్ పెయిన్, బ్యాక్ పెయిన్, హెడ్ పెయిన్" అని ముగించేసరికి మేడమ్ నావైపు చాలా సేపు చూసేది. నెలలోపే నన్ను నమ్మడం మానేసి, పిన్ని దగ్గర నేరుగా తెలుగు మాటలు పట్టడం మొదలుపెట్టింది. కానీ అప్పటికే కఫీల్ మమ్మల్ని ముగ్గుర్నీ ఒకచోట చూసి, నా భుజం తట్టి "నువ్వు ఈమెకి ముతర్జిమ్" అనేశాడు. అంటే దుబాసీ. ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేసి, ఒక జర్మన్ రచయిత్రికి దుబాసీనయ్యానని చెప్పాను. "జీతం పెంచారా?" అంది. పెంచలేదు.

ఒక శుక్రవారం కఫీల్ మేడమ్‌ని ఇంటికి భోజనానికి పిలిచాడు. దుబాసీ కనక నన్నూ పిలిచాడు. (మేడమ్ అరబ్బీ ఎంత గ్రాంథికమంటే, ఆవిడ ఉప్పు అడిగినా మసీదులో ఉపన్యాసంలా ఉండేది. కఫీల్ ఆవిడ ముందు కాలిమీద కాలు వేసుకోవడం మానేశాడు.) నేను టై కట్టుకుని వెళ్లాను. పళ్లెం నిండా అన్నం, దానిమీద పొట్టేలు. సగం తిన్నాక మేడమ్ చేయి పక్కటెముకల కింద పెట్టుకుంది, మొహం పాలిపోయింది. నీళ్లు తెచ్చిన పిన్ని ఆ మొహం చూసి గ్లాసు కింద పెట్టేసి, "ఇది అన్నం పడక వచ్చిందిగాదు నాయనా, లెయ్, బండి తియ్యమను" అంది. కఫీల్ బండి తీశాడు. వెనక పిన్ని మేడమ్‌ని పట్టుకుని కూర్చుంది. ముందు నేను రెండు ఫోన్లూ చేత్తో పట్టుకుని, ఎవరికీ చేయకుండా కూర్చున్నాను.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన సర్జన్ గుంటూరాయన. ఆ సంగతి మాకింకా తెలియదు. ఆయన ఇంగ్లీషులో, "నొప్పి ఎలా ఉందమ్మా, ఏ రకంగా ఉంది?" అని అడిగాడు. మేడమ్ మూలుగు ఆపి, "అదే ప్రశ్న" అంది. ఈ ప్రశ్నకి సరైన సమాధానం ఇవ్వాలని ఉందని, జర్మన్‌లో ఉన్న మాట సరిపోవడం లేదని, అరబ్బీ మాట పాత కవిత్వంలో బాగుంటుంది కానీ ఇక్కడ అతిగా ఉంటుందని చెప్పి, పిన్ని వైపు తిరిగింది. చెమటలు కారుతున్నాయి. అయినా తిరిగింది.

"సలుపుతాందా?" అంది పిన్ని.

సలుపు అంటే కచ్చితంగా ఏమిటని మేడమ్ నన్నడిగింది. నా సమయం వచ్చింది. టై సర్దుకుని, సలుపు అంటే వచ్చి, కాస్త ఆగి, మళ్లీ వచ్చే నొప్పి అని చెప్పాను.

"సలుపు యాడ ఆగుతాది?" అంది పిన్ని. "ఆగేది పోటు."

"పోటు ఆగదు పిన్నీ, పోటంటే పొడిచినట్టు."

"ఒగసారి పొడ్సినంక ఆగదా మరి?"

డాక్టరు పెన్ను మూసి, "ఎవరమ్మా మీరు? ఏ ఊరు?" అన్నాడు తెలుగులో. పిన్ని చెప్పింది. నేను రాజమండ్రి అన్నాను. "అదీ సంగతి. మా గుంటూరు వైపు దీన్ని నులిమినట్టుందంటారయ్యా" అని ఆయనా కుర్చీ లాక్కున్నాడు. మేడమ్ 'నులిమినట్టు' అన్న మాటని నోట్లో వేసుకుని చూసి, కాదని తల అడ్డంగా ఊపింది. స్కానింగ్ యంత్రం పట్టుకుని నిలబడ్డ ఫిలిప్పీన్స్ నర్సు, రోగి పరిస్థితి మీద ముగ్గురు వాదించుకోవడం చూసి జబ్బు చాలా పెద్దదనుకున్నట్టుంది, మేడమ్ నుదురు తుడవడం మొదలుపెట్టింది.

"మెలిపెడతాందా?" అంది పిన్ని చివరికి, చేత్తో తడిగుడ్డ పిండుతున్నట్టు చూపిస్తూ.

మేడమ్ మొహం వెలిగిపోయింది. అంత నొప్పిలోనూ ఆ వెలుగు నేను చూశాను. "మెలి. పెడ. తాంది," అంది డాక్టరుతో, కడప యాసలో.

"సంతోషం," అన్నాడు డాక్టరు. "ఏ మాటైనా కొయ్యాల్సిందే."

పిత్తాశయంలో రాళ్లు, పైగా వాచింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. ఈలోగా కఫీల్ భార్య నుంచి ఫోను. సాయంత్రం ఆడవాళ్లొస్తున్నారు, పనిమనిషిని పంపమని. పిన్ని పైట సర్దుకుని లేచింది. మేడమ్ పడుకునే కఫీల్‌తో అరబ్బీలో ఒకే ఒక్క వాక్యం అంది. చాలా పొడుగు వాక్యం, మధ్యలో రెండుసార్లు దేవుడొచ్చాడు. కఫీల్ చేతులు కట్టుకుని విన్నాడు. ఆ తర్వాత ఫోను తీసి, ఆడవాళ్లని ఇంకో రోజు రమ్మనమని భార్యకి చెప్పాడు. పిన్ని ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఆ దేశం వచ్చాక తను ఒకచోట కూర్చుని, ఇంకొకరు తెచ్చిపెడితే తిన్నది ఆ ఆసుపత్రిలోనే అని తర్వాత నాతో అంది. ఇది మటుకు సణుగుడులా అనలేదు.

పొద్దున నేను వెళ్లేసరికి మంచం తోసుకుపోతున్నారు. కళ్లజోళ్లు రెండూ తీసేశారు. అన్ని భాషలు తెలిసిన మనిషి ఏ భాషా మాట్లాడకుండా పైకప్పుకేసి చూస్తోంది. ఆపరేషన్ గది తలుపు దగ్గర పిన్ని చేయి పట్టుకుని, "పిన్నీ, భయం" అంది. అంతే. క్రియ లేదు, విభక్తి లేదు.

"బయమెందుకమ్మా, నేనుండా గదా," అంది పిన్ని.

నేను ముందుకొచ్చి, "మేడమ్, షి ఈజ్ సేయింగ్..." అని మొదలుపెట్టాను. మేడమ్ రెండో చేయి ఎత్తి నన్ను ఆపింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మెలకువ రాగానే ఆవిడ జర్మన్‌లో ఏదో చాలాసేపు మాట్లాడింది. డాక్టరు నావైపు చూశాడు. దుబాసీని కదా. "సూప్ అడుగుతున్నారు సార్" అన్నాను, నాకు తోచింది. సూప్ తెచ్చారు. ఆవిడ తాగింది కూడా.

కోలుకుని వెళ్లిపోయాక రెండేళ్లకి ఆవిడ పుస్తకం వచ్చింది. పిన్నికొకటి, నాకొకటి పంపింది. పిన్ని అప్పటికి రాయచోటి వెళ్లిపోయి, కొడుకు పెళ్లి చేసి, కోడలి మీద కొత్త మాటలు తయారు చేస్తోంది. నేను రియాద్‌లో సులై అనే పేటలో ఒక గోడౌన్ల ఆఫీసుకి మారాను. జర్మనీలో చదువుకొచ్చిన ఒక తమిళ ఇంజనీరు చేత నా గురించి రాసిన చోటు చదివించుకున్నాను. అతను ముందు తనలో తాను చదువుకుని, గొంతు సవరించుకుని, అర్థం చెప్పాడు. 'డాక్టరుకి ఇంగ్లీషు వచ్చు. నాకు ఇంగ్లీషు వచ్చు. ఆయనకి తెలుగు వచ్చు, నా స్నేహితురాలికి తెలుగే వచ్చు. మా మధ్య టై కట్టుకున్న ఒక యువకుడు నిలబడి అందరికీ అన్నీ అనువదిస్తున్నాడు. అతని అవసరం లేదని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.'

ఆ రోజంతా నాకు కోపంగా ఉంది. మర్నాటికి తగ్గింది. ఇప్పుడు నెత్తిన జుట్టు పల్చబడి, ఒక ఫోను చాలనిపించే వయసులో, ఆ కుర్రాడు రెండు ఫోన్లు పట్టుకుని, ఆసుపత్రి వరండాలో టై సర్దుకుంటూ నాకే ఎదురుపడితే, ఆ మాట నేనూ చెప్పలేననుకుంటాను.