అడుగు నుంచి మానాలి

ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో ఉద్యోగం మాని, ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే నర్సుగా చేరిన ఏడాది అది. నాకప్పగించిన ఇళ్లలో ఒకటి సముద్రం వైపు కొండవాలులో ఉండేది. గొర్రెలు పెంచుకునే ముసలాయన, ఒంటరి మనిషి. పొట్టకు ఆపరేషన్ అయ్యాక కుట్లు విడిపోయి, నా బొటనవేలు పట్టేంత లోతు గాయం మిగిలింది.

అలాంటి గాయాన్ని పైన మూయకూడదు. సముద్రపు నాచుతో చేసిన మెత్తటి పట్టీని రోజు విడిచి రోజు లోపలిదాకా నింపాలి. అడుగు నుంచి కొత్త కండ పెరుగుతూ రావాలి. చర్మం కలవడం ఆఖరున జరగాలి. మొదటి రోజే ఈ సంగతి చెబితే ఆయన నవ్వాడు.

"నాచా? మా నాన్న ఒడ్డు నుంచి బండ్లకొద్దీ తెచ్చి బంగాళాదుంపల మళ్లలో పరిచేవాడు. ఉత్త రాళ్ల నేలలో పంట తీశాడు. ఇప్పుడు నన్నే మడిని చేశావన్నమాట!"

ఆ రోజుల్లో నా మనసు బాగాలేదు. మా అమ్మాయి మెయ్‌నూత్‌లో యూనివర్సిటీ చదువు మధ్యలో ఆపేసి ఇంటికి వచ్చేసింది. గదిలోంచి బయటికి వచ్చేది కాదు. ఎందుకని అడిగితే ఏడ్చేది. ఈ మాట నేను ఒక్కరితోనే చెప్పుకున్నాను. ఆమె నాలాగే నర్సు, మా తెలుగు ప్రార్థన కూడికలో నా పక్కన కూర్చునే మనిషి, నన్ను నోరారా అక్కా అని పిలిచేది. ఆ ఆదివారమే ఆమె కూడికలో లేచి నిలబడి, కన్నీళ్లతో, మా అమ్మాయి సంగతి ప్రార్థనాంశంగా అందరి ముందూ చెప్పేసింది. సాయంత్రానికి ఓదార్పు ఫోన్లు మొదలయ్యాయి. మా అమ్మాయి మెట్ల మీద నిలబడి అంతా విన్నది.

"యూ టోల్డ్ ఎవ్రీవన్, అమ్మా?"

ఒక్కరికే చెప్పానంటే నమ్మలేదు.

మరుసటి వారం ఆ స్నేహితురాలు నన్ను క్షమాపణ అడిగింది. "పర్లేదులే, ఎప్పుడో క్షమించేశాను" అన్నాను. ప్రభు బల్ల దగ్గర ఆమె పక్కనే నిలబడి రొట్టె తీసుకున్నాను. అప్పటినుంచి ఆదివారం డ్యూటీలు అడిగి మరీ వేయించుకున్నాను. ఆమె ఫోను ఎత్తడం మానేశాను.

ముసలాయనకు పట్టీ పెట్టేటప్పుడు బాగా నొప్పి పుట్టేది. ఒకరోజు బల్ల అంచు పట్టుకుని, "ఇక చాలు తల్లీ, పైన ఒక ప్లాస్టర్ వేసి వదిలెయ్. ఐయామ్ గ్రాండ్" అన్నాడు. ఇక్కడివాళ్ల నోట ఆ మాటకు బాగానే ఉన్నానని అర్థం. ఆయన ముఖం చూడలేకపోయాను. నాకూ త్వరగా ఇంటికి పోవాలనుంది. ఆ రోజూ, తర్వాతి రెండుసార్లూ పట్టీని పైపైనే పెట్టాను. గులాబీరంగు చర్మం చకచకా కమ్ముకుంది. ఆయన అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. తప్పని తెలిసీ నేను మాట్లాడలేదు.

వారం తిరక్కుండానే ఆయనకు చలిజ్వరం వచ్చింది. పొట్ట ఎర్రగా బిగిసిపోయింది. పొరుగాయన కారులో ఊరి జీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళితే నేనూ వెళ్లాను. డాక్టరు ఆ అందమైన చర్మాన్ని కోయగానే చీము ఉబికింది. ఆ వాసనకు తల తిప్పుకోకుండా ట్రే పట్టుకుని నిలబడ్డాను.

నేను చేసిన పొరపాటు డాక్టరుకూ, మా పైనర్సుకూ చెప్పి, కాగితం మీద రాసిచ్చాను. ముసలాయనకు చెప్పడమే కష్టమైంది.

"తప్పు నాది. మీ బాధ చూడలేక లోపలిదాకా పెట్టలేదు."

"నేనే కదా వద్దన్నాను."

"మీరు వద్దన్నా నేను వినకూడదు."

"నాలుగు రోజులు నరకం చూశాను" అన్నాడు కోపంగానే. తర్వాత చొక్కా పైకెత్తి పడుకున్నాడు. "సరే. మళ్లీ మొదలుపెట్టు."

తిరుగుదారిలో ఒడ్డున కారు ఆపాను. పోటుకు కొట్టుకొచ్చిన నాచు కుప్పలుగా కుళ్లుతోంది. ఇళ్లవాళ్లు ఇప్పటికీ దాన్ని బుట్టలకెత్తి తోటలకు తీసుకెళతారు. స్టీరింగ్ మీద తల వాల్చి, "ప్రభువా, నేనామెను క్షమించలేదు. క్షమించాలని కూడా లేదు" అన్నాను. ఎన్నో నెలల తర్వాత నేను చేసిన నిజమైన ప్రార్థన అదే. కొత్త హృదయం ఇమ్మని చిన్నప్పటి నుంచీ పాడుతున్నాను. పాతదాన్ని ముందు కోయనివ్వాలని ఎన్నడూ తోచలేదు.

సెలవు రోజున ఆమె ఇంటికి వెళ్లాను.

"అక్కా! రా, రా" అంటూ ఎదురొచ్చింది. టీ పెట్టబోతే ఆపాను.

"క్షమించానని చెప్పాను కదా, అబద్ధం. నిన్ను తలచుకుంటే ఒళ్లు మండుతోంది."

ఆమె ముఖం పాలిపోయింది. "ఆ మాట అప్పుడే అనొచ్చు కదక్కా! ఇన్నాళ్లూ ఫోనెత్తక నన్ను చంపావు. పాప కోసం ఉపవాసాలున్నాను తెలుసా?"

"ఆ ప్రార్థన నీ ఇంట్లో చేసుకోవాల్సింది."

ఆమె ఏడ్చింది. కాసేపటికి నేనూ ఏడ్చాను. ఆ రోజు ఏదీ తేలలేదు. మళ్లీ వారం వెళ్లాను, ఆ పై వారమూ వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక చేదు మాట బయటపడేది, వచ్చేటప్పుడు గుండె కొంచెం తేలికయ్యేది.

ఒక సాయంత్రం ఆమే మా ఇంటికి వచ్చి, మా అమ్మాయిని క్షమించమని అడిగింది.

"ఇట్స్ గ్రాండ్, ఆంటీ" అంది అమ్మాయి. మెట్లెక్కబోతూ ఆగి, "నో, ఇట్ వాజంట్. బట్ థ్యాంక్స్" అంది. తల్లినై ఉండి నేను ఆర్నెల్లకు చెప్పిన నిజాన్ని అది ఒక్క నిమిషంలో చెప్పేసింది.

గొర్రెలకు బొచ్చు కత్తిరించే వేళకు ముసలాయన గాయం పూర్తిగా మానింది. వంకరగా, గుంటపడిన మచ్చ మిగిలింది. వేలితో నొక్కి చూశాను. కింద గట్టిగా ఉంది.

మా స్నేహం మునుపటిలా లేదు. ఇప్పుడామె ఎవరి గురించి ప్రార్థించాలన్నా ముందు వాళ్లనడుగుతుంది. మా అమ్మాయి సెప్టెంబరులో ఊళ్లోనే ఒక కోర్సులో చేరింది. కూడికకు రాదు, నేనూ రమ్మనను. పోయిన ఆదివారం మాత్రం నన్ను హాలు దగ్గర కారులో దింపి, అద్దం కిందికి దించి, "ఆంటీని అడిగానని చెప్పు" అంది, తెలుగులో.