ఒకటో తారీఖు ఫోను

మా చిన్న మావయ్యగారు పోయారన్న కబురు నాకు బళ్లో తెలిసింది. పలివెలలో నేను లెక్కలు చెప్తాను. బోర్డు మీద సగం లెక్క చేసి ఉండగా అటెండరు గుమ్మం దగ్గరికొచ్చి, "పశువుల డాక్టరుగారు పోయేరంటండి, మీ ఆయనగారు ఫోన్ చేసేరు" అన్నాడు. ముందు బెంచీల్లో పిల్లలు వాళ్లంతట వాళ్లే లేచి నిలబడ్డారు. వాళ్లలో సగం మంది ఇళ్లలో గేదెల్ని ఆయనే చూశారు మరి. నేను మాత్రం మిగతా సగం లెక్క కూడా పూర్తిచేసి, సుద్దముక్క కింద పెట్టి, అప్పుడు బయటికొచ్చాను. ఏడుపు రాలేదు. ఆ వేళకి బస్సు లేదు, మా ఇల్లున్న కొత్తపేట దాకా నడిచే వెళ్లాను.

పొద్దున్న కాఫీ తాగి, పడక్కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. మా మావగారి సొంత తమ్ముడు ఆయన. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలాకాలమైనా ఒంటి మీద ఫినాయిలు వాసన పోలేదు. ఏ ఇంటికెళ్లినా ముందు పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే గానీ నోరు తెరిచేవారు కాదు. మనుషుల్నే కాదు, గేదెల్ని కూడా మన్నించి మాట్లాడేవారు. "కొంచెం ఇటు జరగండమ్మా" అని ఆయన అంటుంటే పాలేళ్లు మొహాలు తిప్పుకుని నవ్వుకునేవారు. నా జీవితంలో అతి పెద్ద విషయం ఆ మనిషి చేతుల మీదుగా నడిచింది. ఇంతకాలం బయటికి చెప్పుకునే సంగతి కాదనుకున్నాను. ఇప్పుడు దాచే ఓపిక కూడా లేదు.

మా పెళ్లికి మూడేళ్ల ముందు, తొంభై ఏడులో, మా ఆయనకి మెడ దగ్గర గడ్డలు లేచాయి. ఇక్కడ కొన్నాళ్లు ఆ మందూ ఈ మందూ వాడి, చివరికి హైదరాబాద్ తీసుకెళ్తే ముక్క తీసి పరీక్ష చేసి కేన్సర్ అన్నారు. తగ్గే రకమేనట, కానీ వెంటనే మందులు ఎక్కించాలన్నారు. ఇంటిల్లిపాదీ ప్రాణం దక్కితే చాలని మొక్కుకుంటుంటే, చిన్న మావయ్యగారొక్కరే పెద్ద డాక్టర్ని ఒక మాట అడిగారు. ఈ మందులు పడ్డాక వీడికి రేపు పిల్లలు పుడతారా అని. ఆ డాక్టరు తలెత్తి చూసి, పుట్టకపోవచ్చు, ముందే వీర్యం తీసి గడ్డకట్టించి దాచే చోటు ఊళ్లోనే ఉంది, కావాలంటే మందులు మొదలయ్యేలోగా వెళ్లి రండి అన్నాడట. అడక్కపోతే ఆ మాట చెప్పేవాళ్లే లేరు.

మా మావగారికి ఒళ్లు మండింది. కొడుకు చావుబతుకుల్లో ఉంటే ఇదేం సిగ్గులేని మాటని ఆస్పత్రి వరండాలోనే తమ్ముడి మీద కేకలేశారు. చిన్న మావయ్యగారు తగ్గలేదు. "బతుకుతాడనే కదన్నయ్యా అడిగేను. పోతాడనుకుంటే నాకెందుకీ గొడవ?" అన్నారట. మా మావగారు వెళ్లి రమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

ఆ చిన్న గదిలోకి వెళ్లి రావడం సూదుల కంటే కష్టమైందని మా ఆయన ఇప్పటికీ అంటారు. తలుపు బయట సొంత బాబాయి కూర్చుని ఉన్నాడంటే ఎవరికి మాత్రం కష్టం కాదు? బయటికి రాగానే ఆయన మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "ఆంబోతుకైనా అలవాటయ్యేదాకా నాలుగు రోజులు పడుతుందిరా, నువ్వు మొదటిసారే నెగ్గుకొచ్చేవు" అన్నారట. జబ్బు సంగతి తెలిశాక తను నవ్వింది మళ్లీ అప్పుడేనంటారు మా ఆయన.

ఇక నా వంతు. మాది ఐనవిల్లి దగ్గర ఊరు. పెళ్లిచూపులకి వీళ్లంతా వచ్చి, ఫలహారాలయ్యాక, చిన్న మావయ్యగారు పెరట్లోకి తొంగి చూసి మా గేదెకి పొదుగు వాచినట్టుందే అన్నారు. డాక్టరు కదా, మా నాన్న కంగారుపడ్డారు. తాడు పట్టుకోవడానికి అమ్మాయిని రమ్మనండి, దానికి అలవాటైన మనిషైతే మంచిది అన్నారాయన. పట్టుచీరతో నేను పాకలోకి వెళ్లాను. నలుగురూ ఉండగా పరాయి మగమనిషి ఆడపిల్లతో విడిగా మాట్లాడాలంటే మా వైపు అంతకన్నా మర్యాదైన దారి లేదు. అది నాకు తర్వాత అర్థమైంది.

"గేదెకేమీ లేదమ్మా, నీతో మాటాడాలి" అన్నారు. జబ్బు సంగతి, అది తగ్గిన సంగతి చెప్పారు. మందుల వల్ల పిల్లలు పుట్టే అవకాశం దాదాపు పోయినట్టేననీ, ముందే కొంత తీయించి హైదరాబాద్‌లో దాయించామనీ చెప్పారు. "పుడతారని చెప్పలేను. పుట్టరనీ చెప్పలేను. మా వదినగారు చెప్పద్దన్నారు గానీ, చెప్పకుండా నీ మెళ్లో తాళి కట్టిస్తే నాకు అన్నం సయించదు. వద్దంటే జాతకాలు కలవలేదందాం. నీ మీద మాట రానివ్వను."

ఒక్కటే అడిగాను. "మీరు చెప్తున్నట్టు ఆయనకి తెలుసాండీ?"

"వాడే పంపించేడమ్మా."

ఆ మాటకే నేను ఒప్పుకున్నాను. గేదెకేమైందని మా నాన్న అడిగితే, ఆయన ఏదో ఒకటి చెప్పాలి కనక, రెండ్రోజులు దాణా తగ్గించమన్నారు. పాపం, మా పెళ్లి కుదరడానికి అది పస్తులుంది.

పెళ్లయిన మరుసటేడు గాలివానకి స్తంభాలు పడిపోయి కోనసీమంతా రోజుల తరబడి కరెంటు లేదు. మా అత్తగారు అన్నం మానేసి కూర్చున్నారు. ఎందుకో మొదట మాకెవరికీ అంతుపట్టలేదు. హైదరాబాద్‌లో దాచినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టారని ఆవిడ అనుకున్నారు. అక్కడా కరెంటు పోయుంటే తన వంశం కరిగిపోయిందని ఆవిడ భయం. చిన్న మావయ్యగారు నవ్వలేదు. మమ్మల్నిద్దర్నీ పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లి, మూలనున్న అల్యూమినియం క్యాను మూత తీశారు. తెల్లటి పొగ అంచు దాటి నేల మీదికి జారింది. అది నైట్రోజనని, మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లనిదని, ఊళ్లో గేదెలకి చూడి కట్టించే సరుకంతా అందులోనే ఉంటుందని చెప్పారు. "దీనికి కరెంటక్కర్లేదు వదినగారూ. నింపే మనిషుంటే చాలు." అని, ఒక చెక్క స్కేలు అందులో ముంచి తీసి, దాని మీద మంచు ఎంతవరకు పట్టిందో చూపించారు. అంతవరకు నైట్రోజన్ ఉందన్నమాట. ఇంటికొచ్చాక మా అత్తగారు రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నారు.

కానీ ఆయన మనసులో వేరే భయం ఉండేది. ఒకసారి జిల్లా నుంచి నైట్రోజన్ తెచ్చే బండి రాక, క్యాను ఎండిపోయి సరుకంతా పాడైపోవడం ఆయన కళ్లారా చూశారు. అందుకే ప్రతి నెలా ఒకటో తారీఖున హైదరాబాద్‌కి ఫోన్ చేసేవారు. మొదట్లో బజార్లో ఎస్టీడీ బూత్ నుంచి, తర్వాత ఇంట్లో ఫోన్ నుంచి. "నింపేరాండీ?" అని అడిగేవారు. నింపామంటే, "ఆయ్, మంచిదండి" అని పెట్టేసేవారు. అక్కడివాళ్లు మొదట విసుక్కున్నారు, తర్వాత అలవాటుపడ్డారు.

దాచినదానితో మేం రెండుసార్లు ప్రయత్నించాం. రావులపాలెం దాకా బస్సు, రాజమండ్రి దాకా ఇంకో బస్సు, అక్కణ్ణించి రైలు. ఇంజెక్షన్లతో నడుం మీద చోటు మిగల్లేదు. మొదటిసారి నిలవలేదు. రెండోసారి నిలిచింది, నెల దాటాక పోయింది. ఆ రోజు ఆయన వచ్చి, చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, "అన్నం తిన్నావా అమ్మా?" అన్నారు. తినలేదన్నాను. తనకీ పెట్టమన్నారు. ఇద్దరం చారన్నం తిన్నాం. ఏమైందని అడగని మనిషి ఆయనొక్కరే. అందుకు నేను ఆయనకి ఎంత రుణపడ్డానో చెప్పలేను.

ఎవరింట్లో వయసు పిల్లలకి ఈ జబ్బని తెలిసినా వెళ్లి, మందు మొదలెట్టే ముందు ఆ ఒక్క మాటా అడగమని చెప్పి వచ్చేవారు. ఒకసారి రాజోలు వైపు పెళ్లికాని పిల్ల కోసం తనే వాళ్లతో హైదరాబాద్ వెళ్లారు. ఆడపిల్లకి అప్పట్లో నమ్మకంగా చేయగలిగిందేమీ లేదన్నారట. తిరిగొచ్చి, ఆవులకి పిండాన్నే దాస్తున్నారు, ఈ పిల్లకి ఆ దారి లేకపోయిందమ్మా అన్నారు.

మూడోసారికి నాకు ఒంట్లో ఓపిక లేదని, ఇక వెళ్లలేనని ఆయనకి చెప్పాను. దాచినదాంట్లో ఒక్క గొట్టం మాత్రం అక్కడ మిగిలి ఉంది. ఆయన బలవంతపెట్టలేదు. "నీ ఒళ్లు, నీ ఇష్టం అమ్మా. తీసెయ్యమని నువ్వు చెప్పేదాకా నేను మాత్రం ఫోన్ చేస్తూ ఉంటాను" అన్నారు. పోయిన నెల ఒకటో తారీఖు దాకా చేశారు.

ఈ నెల ఫోన్ నేనే చేశాను. తీసెయ్యమని చెప్పడానికే చేశాను. ముందు రోజు మా ఆయనా నేనూ అనుకున్నదే అది. నాకు ముప్పై అయిదు పడుతున్నాయి, అలసిపోయాం, పెద్దాయన కూడా లేరు, ఇంకా ఎవరి కోసం అనుకున్నాం. పేరు చెప్పగానే అవతల అమ్మాయి గుర్తుపట్టి, "పెద్దాయన చెయ్యలేదేంటండీ? పొద్దుట్నుంచీ అనుకుంటున్నాం" అంది. చెప్పాను. "అయ్యో" అంది ఆ అమ్మాయి. తర్వాత, చెప్పండి మేడం, ఏం కావాలి అంది.

"నింపారాండీ?" అన్నాను.

"ఇప్పుడే నింపుతున్నారు మేడం, ఒక్క నిమిషం" అని రిసీవరు బల్ల మీద పెట్టి వెళ్లింది. దూరంగా ఏదో బరువైన మూత తీసిన చప్పుడైంది. ఇక్కడ మా వసారాలో ఎండగా ఉంది. అక్కడ తెల్లటి పొగ అంచు దాటి నేల మీదికి జారుతూ ఉంటుంది. నేను ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను.