ఇప్ప చెక్క పోసిన కుంట, నా నాలుగింటి బస్సు

ఒకప్పుడు నాగర్‌కర్నూల్‌లో మా వీధికి బండి మీద చేపలు తెచ్చి అమ్మిన ఖాదర్, ఇప్పుడు పెద్దమందడి దగ్గర సొంత పొలంలో కుంట తవ్వించి చేపలు పెంచుతున్నాడు. నిరుడు వదిలిన చేపపిల్లలన్నింటినీ కాలువ నీళ్లతో వచ్చిన కొరమేనులు మింగేశాయి. ఈసారి కూడా పోతే కుంట పూడ్చేసి మళ్లీ బండి ఎక్కడమే. "ఈయేడు మందు గిట్ల ఏం లేదక్కా, ఇప్ప చెక్క పోసిన. కొరమేనులన్నీ చచ్చి తేలినయి. ఇగ పిల్లలను వదులుడే. వచ్చి ఫోటోలు తీస్కో" అని ఫోన్ చేశాడు. ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిప్పే ఆ చెక్క. చెట్టు నుంచి వచ్చిందేగా, రసాయనం కాదుగా అని తెగ సంబరపడ్డాను. నా బ్లాగుకు ఇంతకన్నా మంచి సంగతి ఏముంటుంది!

చీరల పని మీద గద్వాల పిన్ని ఇంట్లో ఉన్నాను. పొద్దున ఏడున్నరకు బస్సెక్కి, బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి నలభై రూపాయలు. "ఇంకిద్దరు రావాలె మేడం, జర ఆగుండ్రి" అన్నాడు డ్రైవర్. ఆగడమంటే నాకు ఒళ్లు మంట. ఆ ఇద్దరి చార్జీ కూడా నేనే ఇచ్చి ఆటో కదిలించాను.

వెళ్లేసరికి చేపపిల్లలన్నీ ఇంటి వెనక సిమెంటు తొట్టిలో ఉన్నాయి. కుంటలో మాత్రం ఒక చిన్న వల బుట్టను కట్టెకు వేలాడదీశారు. అందులో పది పిల్లలు. "గవి రేపు పొద్దటిదాక బతికితేనే తక్కినయి వదులుతం. చెక్క విషం దిగిందో లేదో నీళ్లను చూస్తే తెల్వదు" అంది ఖాదర్ భార్య షమీమ్. చెక్క పోసి పదకొండు రోజులే అయిందట, విషం దిగడానికి ఒక్కోసారి మూడు వారాలు కూడా పడుతుందట. నాకేమో వనపర్తిలో నాలుగింటికి బస్సు. మధ్యాహ్నం ఒంటిగంటకు చూస్తే బుట్టలో పదీ హుషారుగా తిరుగుతున్నాయి. "బాగానే ఉన్నాయి కదా ఖాదర్, ఇప్పుడే వదిలెయ్యండి. నేను మళ్లీ ఎప్పుడొస్తానో!" అన్నాను. షమీమ్ వద్దంటూనే ఉంది. ఖాదర్ ఆమె వైపు చూసి, "మెహమాన్ గింత దూరం వచ్చింది, ఉత్త చేతుల పంపుతమా?" అన్నాడు. బిందెలతో పిల్లలను మోసుకుంటూ మొలలోతు నీళ్లలోకి దిగాడు. అతను తొక్కిన చోటల్లా అడుగు మట్టి నల్లగా పైకి లేచింది. నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను.

అరగంట కూడా కాలేదు. పిల్లలన్నీ నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని బొంగరాల్లా తిరిగి పక్కకు ఒరిగాయి. "అయ్యో, ఏమైంది?" అని అరిచాను. "చెక్క అడుగున మిగిలే ఉన్నది. తొక్కితే పైకి లేసింది" అంటూ షమీమ్ వల పట్టుకుని చీరతోనే కుంటలోకి దిగింది. దొరికినవాటిని దొరికినట్టు తొట్టిలోకి మోశాం. ఒకదాని మొప్ప ఎత్తి చూపించింది షమీమ్. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంది. "గాలి అందక కాదక్కా. ఇప్ప చెక్క రక్తాన్నే ఇరగ్గొడ్తది" అంది. చెట్టుదే కదా అనుకున్న నా తెలివికి సిగ్గేసింది. తొట్టిలో వేసినవాటిలో కూడా చాలావరకు తేరుకోలేదు.

కుంటలో మిగిలింది బుట్ట ఒక్కటే. అందులోని పది కూడా వెల్లకిలా తేలి ఉన్నాయి. ఖాదర్ ఆ బుట్టను గట్టు మీద పెట్టి, "జర జల్ది చాయ్ తాగి పో అక్కా, నీ బస్సు తప్పుతది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

బస్సు అందింది. దారంతా ఫోన్ తెరిచి అదే ఫోటో చూస్తూ కూర్చున్నాను. ఖాదర్ బిందె వంచి నవ్వుతున్నాడు, వెనక గట్టు మీద షమీమ్ చెయ్యెత్తి వద్దంటోంది. తీస్తున్నప్పుడు ఆ చెయ్యి నాకు కనిపించనే లేదు. చెట్టు విషమైనా విషమే, దిగడానికి దాని గడువు దానికుంటుంది. నా బస్సు కోసం అది తొందరపడదు. చేపపిల్లలను వదిలే రోజు చూడటానికి మీరూ ఎక్కడికైనా వెళ్తుంటే ఒక్కటే మాట: తిరుగు బస్సు మర్నాటిది చూసుకోండి.