తమ్ముడి మొదటి మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా అదృష్టవంతుడు ఎవరంటే, నడవలేని మా తమ్ముడే అని గట్టిగా నమ్మేదాన్ని. వాడికి నాలుగేళ్లు దాటినా మెడ నిలిచేది కాదు. చేతులూ కాళ్లూ బిగుసుకుపోయి ఉండేవి, మాట రాలేదు. చూసినవాళ్లంతా అయ్యో అంటూ వాడి తల నిమిరేవాళ్లు. నాకు ఎనిమిదేళ్లు, రెండు కాళ్లూ సక్రమంగా ఉన్నాయి, కాబట్టి నా తల ఎవరూ నిమిరేవాళ్లు కాదు. నీళ్లు తెమ్మంటే తేవడానికి, అడ్డం తప్పుకోమంటే తప్పుకోవడానికే నా కాళ్లు పనికొచ్చేవి.

అప్పుడు మేము జహీరాబాద్‌లో ఉండేవాళ్లం. నిజాం రాజ్యం, కిరసనాయిలు కోసం జనం బారులు తీరే యుద్ధం రోజులు. మా నాయినకు అల్లం, బెల్లం వ్యాపారం. పగలంతా ఆయన మండీలోనే ఉండేవాడు. అమ్మ ఒక్కతే తమ్ముణ్ని ఎత్తి దించి, ఎత్తి దించి, చివరికి నడుము పట్టేసి మంచం పట్టింది. ఇక లాభం లేదని, వాణ్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలని నాయిన నలుగురికీ చెప్పి ఉంచాడు.

వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. ఒకావిడ వాణ్ని చూసి దూరం నుంచే దండం పెట్టి వెళ్లిపోయింది. ఇంకొకావిడ ఇది ఎప్పటికి నయమవుతుందని అడిగి, నయం కాదని తెలిసి లేచిపోయింది. చివరికి కోహీర్ నుంచి రైల్లో ఒక సాయబుల ఇంటామె వచ్చింది. నడివయసు మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు. అందరిలా వాడికేమైందని ఆమె అడగలేదు. వాడి పక్కన చతికిలబడి, "ఏం జేస్తే నవ్వుతడు?" అని అడిగింది.

అమ్మా నాయినా ముఖాలు చూసుకున్నారు. నాకు తెలుసు. నేను తుమ్మితే వాడు నవ్వుతాడు. ఇంట్లో నాకొక్కదానికే తెలిసిన సంగతి అది, గొప్పగా ఉంటుందని చెప్పేశాను. ఆమె వెంటనే కళ్లు మూసి, ముక్కు ఎగబీల్చి, ఇల్లు దద్దరిల్లేట్టు ఒక దొంగ తుమ్ము తుమ్మింది. వాడు కిలకిలా నవ్వాడు. నేను తుమ్మినప్పుడు ఎన్నడూ అంత నవ్వలేదు. ఆ పూటే ఆమెను పనిలో పెట్టుకున్నారు. నా తుమ్మును నా కళ్లముందే ఎత్తుకుపోయిందని కోపం వచ్చి నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఉర్దూలో బువా అంటే మేనత్త. పిల్లల్ని సాకే పెద్దామెను కూడా మా దిక్కున అలాగే పిలుస్తారు. మేమూ ఆమెను బువా అనేవాళ్లం. తమ్ముడు రోజంతా బువా ఒళ్లోనే ఉండేవాడు. ఆమె వాడి కాళ్లకు నూనె రాసేది, ఎండను బట్టి చాప జరిపేది, రైలు కూత వినబడితే వాడి తల అటు తిప్పేది. వాడు నిద్రపోతేనే నాకు జడ వేసేది. అది కూడా, వాడు కాస్త కదిలితే చాలు, మధ్యలో ఆగిపోయేది. సగం జడతో నేను వీధంతా తిరిగిన రోజులున్నాయి.

నా కుళ్లు చిన్నది, అమ్మది పెద్దది. బువా మా వంటింటి గడప దాటేది కాదు, అన్నం గిన్నె ముట్టుకునేది కాదు. ఆ రోజుల పద్ధతి అది, ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. అందువల్ల అన్నం పెట్టే పని మాత్రం అమ్మ చేతిలోనే ఉండేది. వాడికి ముద్ద మింగడమే గండం. పొలమారేది, ఉమ్మేసేవాడు, గుక్కపెట్టి ఏడ్చేవాడు. అలా వాడి నవ్వులన్నీ బువాకు పోయాయి, ఏడుపులన్నీ అమ్మకు మిగిలాయి. బువా ఒళ్లో నవ్వుతున్న కొడుకును అమ్మ వంటింటి తలుపు పక్కన నిలబడి చూస్తుండేది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ అలాగే చూసేదాన్ని.

రంజాన్ పండుగకు బువా తన ఊరికి పోయి కొన్నాళ్లకు తిరిగొచ్చింది. ఆ వేళకు తమ్ముడు వసారాలో దర్వాజకు ఎదురుగా పడుకుని ఉన్నాడు. అమ్మ అన్నం గిన్నెతో వాడి వెనక నిలబడి ఉంది, నేను పక్కనే కూర్చున్నాను. బువా లోపలికి అడుగు పెట్టగానే వాడు ఒళ్లంతా కదిలించి, నోరు సాగదీసి, "బువ్వా" అన్నాడు.

వాడు పుట్టాక పలికిన మొదటి మాట అది. బువా నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. అమ్మా, అమ్మా అని ఆ పిల్లాడి చెవిలో నాలుగేళ్లుగా చెప్పీ చెప్పీ అలసిపోయిన మనిషి మా అమ్మ. గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం నాయిన రాగానే, "నా నడుము మంచిగైంది. నా బిడ్డను నేనే జూసుకుంట. ఆమెను పంపియ్యున్రి" అని చెప్పేసింది. నాయిన ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఆ మాటలు వసారాలో ఉన్న బువాకు వినబడుతూనే ఉన్నాయి. ఆమె తలెత్తకుండా వాడి కాళ్లు పిసుకుతూ కూర్చుంది. నా సంగతి చెప్పాలంటే, వాడికి బువా లేకుండా పోతుందంటే లోపల కొంచెం సంతోషమే వేసింది. నాకూ లేకుండా పోతుందని ఆ వెనకే తోచి, ఆ కాస్త సంతోషమూ పాడైంది.

మర్నాడు పొద్దున్నుంచే బువా వాణ్ని ఆటలో పెట్టింది. అమ్మ గిన్నె తెచ్చినప్పుడల్లా, జర ఆగమ్మా, ఇప్పుడే మంచిగ ఆడుకుంటుండు, అని వెనక్కి పంపింది. తిండి వేళ దాటిపోయింది. అప్పుడు వాణ్ని వంటింటి వైపు తిప్పి పడుకోబెట్టి, తాను లేచి గోడ చాటుకు పోయింది. వాడు కాసేపు కళ్లతో వెతుక్కున్నాడు. తర్వాత బువ్వా, బువ్వా అని మొదలుపెట్టాడు. బువా గోడ వెనక నుంచే అమ్మను కేకేసింది.

"సావుకారమ్మా, పిలగాడు ఆకలికి బువ్వ అడుగుతుండు. జల్ది తీస్కరాన్రి."

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నిన్నే పిలుస్తుండు" అంది ముభావంగా.

"నన్నెందుకు పిలుస్తడమ్మా? నన్ను పిలిస్తే కడుపు నిండుతదా?"

అమ్మ నమ్మలేదు, అయినా గిన్నె తెచ్చింది. ఆకలి మీద ఉన్న పిల్లాడు ముద్ద చూడగానే నోరు తెరిచాడు. ఉమ్మకుండా మింగి, మళ్లీ బువ్వా అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ముద్ద మీద ముద్ద పెట్టింది. నమ్మాలని ఉన్న మనిషికి ఆ మాత్రం చాలు. ఆ రోజు తర్వాత బువాను పంపించే మాట ఇంట్లో ఎత్తలేదు.

నేను మాత్రం వాడి కళ్లు చూశాను. అవి వెతికింది గిన్నెను కాదు. అమ్మ అటు పోగానే బువా దగ్గరికి వెళ్లి, వాడు నిన్నే పిలిచిండు, అమ్మకు చెప్త, అన్నాను. చేయి పట్టుకుని బతిమాలుతుందని ఆశపడ్డాను. ఆమె బతిమాలలేదు.

"చెప్పు బేటీ. చెప్తే మీ అమ్మ ఏడుస్తది, నేను మా ఊరికి పోత, వాడు దర్వాజ దిక్కు జూస్కుంట పంటడు. చెప్పకుంటె, ఇది నీకూ నాకే ఎర్కున్న ముచ్చట."

నీకూ నాకే అన్న మాట దగ్గర నేను పడిపోయాను. ఇన్నాళ్లకు తమ్ముడికి లేనిది, బువా దగ్గర నుంచి నాకు ఒకటి దొరికింది. దాన్ని అమ్మకు చెప్పి పోగొట్టుకునేంత తెలివితక్కువదాన్ని కాదు.

బువా అక్కడితో ఆగలేదు. మర్నాటి నుంచి తనను ఖాలా అనమని ఇంటిల్లిపాదికీ చెప్పింది. ఖాలా అంటే పిన్ని. బువా అంటే ముసలిదాన్ని అయినట్టు అనిపిస్తోందని నవ్వులాటగా ఒక కారణం చెప్పింది. తమ్ముడు ఆ మాట అన్నప్పుడల్లా తాను పలకకుండా అమ్మను పిలిచేది. అమ్మ ఏ పనిలో ఉన్నా గిన్నె పట్టుకుని వచ్చేది. రాను రాను వాడి కళ్లు వంటింటి వైపే తిరగసాగాయి. అన్నం లేకపోయినా సరే, అమ్మ కనబడితే బువ్వా అనేవాడు. ఖాలాను చూస్తే ఊరికే నవ్వేవాడు. బతికున్నన్నాళ్లూ వాడికి ఆ ఒక్క మాటే వచ్చింది. అది అమ్మ సొంతమైపోయింది.

నా పెళ్లికి వచ్చినప్పుడు ఖాలాను పక్కకు పిలిచి, అప్పుడు నీకేమీ అనిపించలేదా అని అడిగాను. పసివాడి కడుపు నిండితే చాలనుకున్నానని, పెద్దవాళ్లు చెప్పే మాటేదో చెబుతుందనుకున్నాను.

"అనిపియ్యకేం బేటీ? నా జిందగీల ఒక్క పిలగాడు నన్ను పిలిచిండు. ఆ పిలుపు తీస్కపోయి మీ అమ్మ చేతుల వెట్టిన. ఆమె ముద్ద వెడుతుంటే గోడెన్క నా కడుపు భగ్గున మండేది. మంట నాదే, గని పిలగాడు ఆమెవాడాయె."

అంతవరకూ మంచివాళ్లకు అసూయ ఉండదనుకునేదాన్ని. నాకు చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి నేను మంచిదాన్ని కాననుకునేదాన్ని. గోడ వెనక మండిపోతూనే ఆమె మా అమ్మను కేకేసిందని తెలిశాక, నాకు నా మీద కొంచెం ఆశ కలిగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, నా కుళ్లు ఈ వయసులోనూ నాతోనే ఉంది. మొన్న మా మనవరాలు, నేను చాచిన చేతులు చూసి కూడా, వాళ్ల అమ్మమ్మ ఒళ్లోకి దూకింది. కడుపు మండింది. మండుతుండగానే లేచి, మా వియ్యపురాలి నడుముకు ఆసరాగా ఒక దిండు పెట్టి, పిల్లను ఆవిడ ఒళ్లో సరిగ్గా సర్ది కూర్చోబెట్టి వచ్చాను.